సిలబస్‌కెక్కిన ఊపిరి

కిందటి వారం కథలో వదినను సంగీత కళాశాల మేడ మీద, అద్దంలా పాలిష్ పట్టిన చెక్క నేల మీద, వెనక్కి వాలితే వీపుకు అందని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చేశాం. మోకాళ్ళ మధ్య చెల్లో, చేతిలో కమాను. బల్ల వెనక ఉద్యోగం ఇవ్వగల ముగ్గురు. క్లాసికల్ పరీక్ష అయింది. రెండో పరీక్షకని ప్రొఫెసరు లేచి వచ్చి, స్టాండు మీద ఏడు కాగితాలు పరిచి, "ఇక మీ రచనే వాయించండి మేడమ్" అన్నాడు. తనకొక రచన ఉందని వదిన వినడం అదే మొదలు.

వంగి చూసింది. చక్కెర డబ్బా ఆచూకీ తెలిసిన చీమల్లా గీతల నిండా చుక్కలు బారులు తీరి ఉన్నాయి. పైన తన పేరు. దాని కింద, దానికన్నా ఒక పిసరు పెద్ద అక్షరాల్లో, ప్రొఫెసరు పేరు.

"ఇది నేనెప్పుడు రాశానండీ?"

"మీరు రాయలేదు. వాయించారు. నేను రాశాను." ప్రొఫెసరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మీ రికార్డులో రెండో సగం. ముక్క ముక్కా మళ్ళీ మళ్ళీ విని నొటేషన్‌లోకి దించాను. దాని మీదే నా డాక్టరేటు. ఇప్పుడు మూడో సంవత్సరం పిల్లలకు సిలబస్."

అప్పటికప్పుడు తోచి, వాయించి, గాలికి వదిలేసిన సంగీతాన్ని పట్టుకొచ్చి, కాగితం మీద పరిచి, పిల్లల చేత ఒప్పజెప్పిస్తున్నాడన్నమాట. సీతాకోకచిలుకకు ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టుకున్న మనిషిని చూసినట్టు చూసింది వదిన.

నిజానికి ఆమె ఎవరికీ వదిన కాదు, ఒక్క మరిదికి తప్ప. ఆ మరిది డ్రమ్ములు వాయిస్తాడు. అతను వేదిక మీంచి "వదినా, అందుకో" అని కేకేసేవాడు. అది విని పియానో అతనూ, క్లబ్బు యజమానీ, ఆఖరికి ఆమెకన్నా పదేళ్ళు పెద్దయిన శాక్సఫోన్ ముసలాయన కూడా వదినా అనడం మొదలుపెట్టారు. అలా ఊరుమ్మడి వదిన అయిపోయింది.

క్లబ్బుకు రాకముందు ఆమె ఆర్కెస్ట్రా మనిషి. ఒక కచేరీలో, అంతమందీ ఊపిరి బిగబట్టి కూర్చోవలసిన నిశ్శబ్దంలో, ఆమె కమాను తనంతట తాను మూడు చిన్న స్వరాలు పలికింది. నేరం అంతే. మర్నాడు, చిన్నప్పటి నుంచీ ఆమెకు చెల్లో నేర్పిన గురువుగారు, చెల్లోలన్నిటికీ పెద్ద, అందరి ముందూ అన్న మాట ఊరంతా తిరిగింది. "ఖాళీ తాడు కనబడితే చాలు, తడిబట్టలు ఆరేసే రకం." ఆ సాయంత్రానికి ఆర్కెస్ట్రాలో ఆమె కుర్చీ తీసేశారు. వదిన జాజ్ క్లబ్బుకు పోయింది. అక్కడ తాళ్ళన్నీ ఖాళీయే.

ఇప్పుడా క్లబ్బూ లేదు. దాన్ని మూసేసి, గోడలకు అద్దాలు బిగించి, జనం బరువులెత్తే చోటు చేశారు. హోటలు లాబీలో, ఎవరూ వినకుండా జాగ్రత్తగా వాయించడం ఒక్కటే మిగిలింది. ఇంటాయన పళ్ళ డాక్టరు. ఆయన ఆస్పత్రి ముందుగదిలో టోకెన్లిచ్చే కుర్చీ ఖాళీ అయింది. "నువ్వయితే దవడ వాచినవాళ్ళతో మర్యాదగా మాట్లాడతావు" అన్నాడాయన, తాను పెద్ద మనసు చేసుకుంటున్నట్టు. చెల్లోను 'మా రెండో కోడలు' అని పిలిచే అత్తగారు, రెండో కోడలు నిలబడే మూలకు చెప్పుల అర ఎంత వెడల్పు పడుతుందో అప్పుడే కొలిపించింది. అలాంటప్పుడు ఈ కళాశాల ప్రకటన వచ్చింది. క్లాసికల్, జాజ్, అప్పటికప్పుడు అల్లి వాయించడం, మూడూ తెలిసిన చెల్లో టీచరు కావాలి. ఊరు మొత్తం గాలించినా మూడూ తెలిసింది వదిన ఒక్కతే. ఇదయితే చెల్లో ఉంటుంది. ఇది కాకపోతే చెప్పుల అర.

ఇక ఆ తడిబట్టల మాట అన్న మాస్టారు ఎక్కడున్నారంటే, బల్ల చివర, కిటికీ పక్కన. కళాశాలకు గౌరవ సలహాదారు ఆయన. మనిషి ఎండిపోయాడు గాని మెడ వంగలేదు. వయసు మీద పడ్డందుకేమో, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. వదిన గదిలోకి వచ్చినప్పటి నుంచీ అది అలాగే ఉంది. క్లాసికల్ పరీక్ష కాగానే ఆయన అన్నది ఒకే మాట. "చెయ్యి పాడు చేసుకున్నావు, అమ్మాయ్."

వదిన మొదటి కాగితం మీద వేలు పెట్టింది. "ఇక్కడ చుక్క కాకుండా కొక్కెం ఉందేంటండీ?"

"అది జారుడు స్వరం. కిందినుంచి పైకి. చెల్లో మీద కాదు."

"మరి దేని మీద?"

"కుర్చీ మీద." ప్రొఫెసరు నవ్వలేదు. "రికార్డులో రెండో సగం కుర్చీ కిర్రుమనడంతో మొదలవుతుంది. అందరూ పొరపాటున పడిందనుకుంటారు. కాదు. అది ఎత్తుగడ. దాని మీద ఒక అధ్యాయం రాశాను."

"పిల్లలు కూడా కిర్రుమనిపించాలా?"

"మార్కులుంటాయి."

"కొత్త కుర్చీలు కిర్రుమనవుగా" అంది ప్రిన్సిపాలమ్మ, బల్ల మధ్యలోంచి. దారానికి వేలాడే కళ్ళజోడు ఆవిడది. దాన్ని పెట్టుకున్నప్పుడు కోపంగానూ తీసినప్పుడు జాలిగానూ కనిపిస్తుంది. "పాత సామాను దుకాణాలన్నీ తిరిగి ఒకటి కొన్నాం. మీరు కూర్చున్నది అదే."

వదిన కదిలింది. కుర్చీ వినయంగా కిర్రుమంది. ప్రొఫెసరు తృప్తిగా టిక్కు పెట్టుకున్నాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నది గాని, ఎలుకకు పట్టాభిషేకం చేసినవాళ్ళను చూడటం వదినకు ఇదే మొదలు. సరే, ఉద్యోగం కావాలి. చెల్లో కింది ఇనుప ములుకును చెక్కముక్క గుంటలో సరిచేసుకుంది. ఆ చెక్కముక్క ఇంటి నుంచి తెచ్చుకున్నదే. ములుకు పాలిష్‌లో దిగబడితే సంగీతం కన్నా పెద్ద నష్టమని గేటు దగ్గరే చెప్పారు మరి. కమాను ఎత్తి వాయించడం మొదలుపెట్టింది.

కష్టమేమీ లేదు. చదివి వాయించడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. రెండు గీతలు గడిచేసరికి ప్రొఫెసరు పెన్సిలుతో బల్ల మీద కొట్టాడు.

"మేడమ్, ఊపిరి."

"తీస్తూనే ఉన్నానండీ. ఇంకా బతికే ఉన్నాగా."

"అలా కాదు. ముక్కుతో, బిగ్గరగా. ఇదిగో, ఇంటూ గుర్తు. ప్రతి వరసకూ ముందు ఒకటి పెట్టాను. మీరు అన్నీ దాటేశారు."

వదిన చూసింది. నిజమే, వరస వరసకూ ముందు ఒక ఇంటూ గుర్తు, తప్పు లెక్కకు కొట్టినట్టు. "నాకు ముక్కుతో చప్పుడు చేసే అలవాటు లేదే."

"రికార్డులో ఉంది."

"ఆ రోజు జలుబు చేసుంటుంది."

"జలుబు మీద ఎవరూ డాక్టరేటు ఇవ్వరు మేడమ్."

"ఇచ్చినట్టే ఉన్నారు కదండీ" అంది వదిన, నెమ్మదిగా.

ప్రిన్సిపాలమ్మకు నవ్వొచ్చి దాన్ని దగ్గులోకి మళ్ళించింది. ప్రొఫెసరు చెవులు ఎర్రబడ్డాయి. "మీ సంగీతం మీకన్నా నాకు బాగా తెలుసు. మీరు ఆ సాయంత్రం వాయించి లేచి వెళ్ళిపోయారు. నేను దాంతో ఆరేళ్ళు కాపురం చేశాను. ఆ ఊపిరి లేకపోతే ఆ స్వరం పుట్టదు. 'అభ్యర్థిని రచనకు కట్టుబడి లేదు' అని రాయాల్సి వస్తుంది."

"ఎవరి రచనకు?"

"మీ రచనకే."

"నా రచనకు నేను కట్టుబడి లేనని మీరు రాస్తారా?"

"రాయాలి. రూలు."

ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు తీసింది. జాలి వేళ అన్నమాట. "గొడవెందుకు ప్రొఫెసరు గారూ. ఆ రికార్డేదో ఒకసారి పెట్టండి. విని సరిచేసుకుంటారు."

"అక్కర్లేదు." అన్నది మాస్టారు. కిటికీ వైపు చూస్తూనే, తెరిచిన నోటితోనే. "ఆ గోల మళ్ళీ వినే ఓపిక నాకు లేదు. తప్పిందని రాసి పంపించండి. వేళ మిగుల్తుంది."

వదినకు ఒళ్ళు మండింది. నేర్పినంతకాలం వేలు ఇంత జరిగితే చెవి మెలేసిన మనిషి, ఇప్పుడు చెవి కూడా ఇవ్వనంటున్నాడు. "పెట్టండి" అంది. "మాస్టారికి ఓపిక లేకపోతే చెవుల్లో దూది పెట్టుకుంటారు."

అనేసింది గాని ఆమెకూ ఒక ఇబ్బంది ఉంది. ఆ రికార్డును ఆమె ఎన్నడూ వినలేదు. పత్రికలవాళ్ళు అడిగినప్పుడల్లా గడ్డం కొంచెం పైకెత్తి, "వండిన చేతికి ఆకలుండదండీ" అనేది. వాళ్ళు దాన్ని పెద్దక్షరాల్లో వేసుకునేవారు. ఆ మాట ఆమెది కాదు. రికార్డు వచ్చిన కొత్తలో మరిది చెప్పింది. "నువ్వు మాత్రం వినకు వదినా. సొంత వాయిద్యం విన్నవాళ్ళ చెయ్యి బిగుసుకుపోతుంది. పెద్దపెద్దవాళ్ళెవరూ వినరు." పెద్దపెద్దవాళ్ళు వినరంటే ఇక వదినెందుకు వింటుంది.

ఆ మరిదే ఇప్పుడు బయట నడవాలో చెల్లో పెట్టెకు కాపలా. తలుపుకున్న చిన్న అద్దంలో అతని ముఖం అతుక్కుని ఉంది. ప్రొఫెసరు స్పీకరు మీట నొక్కబోవడం చూసి అతను తల అడ్డంగా ఊపాడు. చేతులు కూడా ఊపాడు. చెయ్యి బిగుసుకుపోతుందని పాపం భయపడుతున్నాడనుకుంది వదిన.

"మొదటి సగం చివర్నుంచి పెడతాను" అన్నాడు ప్రొఫెసరు. "సందర్భం తెలియాలిగా."

స్పీకరులోంచి వదిన వచ్చింది. వెంటనే గుర్తుపట్టింది. ఆత్రం. నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడే పిల్లలా, ఒక స్వరం పూర్తి కాకుండానే ఇంకొకటి. డ్రమ్ములు ఆగి చోటిస్తే చాలు, దూరి కూర్చుంటోంది. ఇదా నేను వాయించింది అనుకుంది. తడిబట్టలే.

తర్వాత నిశ్శబ్దం. పియానో ఒకే మీట మీద మెల్లగా టిక్ టిక్ మంటోంది, ఏం చెయ్యాలో తోచనివాళ్ళు వేళ్ళతో బల్ల వాయించినట్టు. కుర్చీ కిర్రుమంది.

అది కదిలిన కుర్చీ కాదు. ఎవరో వచ్చి బరువంతా వేసి కూర్చుంటే మూలిగిన కుర్చీ.

ఆ వెంటనే ఊపిరి. ముక్కులోంచి, పొడుగ్గా, గోనె సంచి చింపినట్టు. బుస్.

వదిన చేతిలో కమాను కిందికి వాలింది.

ఆ బుస ఆమెకు తన తల్లి గొంతుకన్నా ఎక్కువ తెలుసు. చిన్నప్పుడు పాఠానికి వెళితే వీధి మలుపు నుంచే వినిపించేది. ప్రతి వరసకూ ముందు ముక్కుతో ఊపిరి లాగందే మాస్టారి కమాను కదిలేది కాదు. ఆర్కెస్ట్రాలో వెనక కుర్చీలవాళ్ళు ఆయనకు 'రైలింజను' అని పేరు పెట్టుకున్నారు. నిశ్శబ్దపు చోట్ల కండక్టరు బతిమాలేవాడు, మాస్టారూ కొంచెం మెల్లగా అని. మాస్టారు పట్టించుకునేవారు కాదు. ఊపిరి తీయడం నేరమా అనేవారు.

స్పీకరులో చెల్లో మొదలైంది. చెల్లో వదినదే, ఆ బొంగురు తీగ ఆమెకు తెలుసు. చెయ్యి ఆమెది కాదు. ఒక స్వరం. అది పూర్తిగా పండేదాకా రెండోది రాలేదు. రెండోది వచ్చాక మొదటిది ఎందుకు వచ్చిందో అర్థమైంది. మళ్ళీ బుస్. డ్రమ్ములు భయంభయంగా వెనకే నడిచాయి. ఎక్కడా తొందర లేదు. ఖాళీలన్నీ ఖాళీగానే ఉన్నాయి, ఎవరూ ఏమీ ఆరేయలేదు. అయినా ఇంట్లో మనుషులున్నట్టే ఉంది.

బావుంది. ఛీ, ఎంత బావుంది.

ఇన్నేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా జనం "ఆ రెండో సగం ఉంది చూశారూ" అంటూ కళ్ళు మూసుకునేది దీనికా. ఆమె తల వంచి, మరీ ఎక్కువ వంచితే బావుండదని కాస్త ఆపి, నమస్కారాలు పెట్టింది దీనికా.

ఆ రోజు గుర్తొచ్చింది. కార్ల షెడ్డు మీద రికార్డింగుకని అద్దెకు తీసుకున్న గది. మొదటి సగం కాగానే ఇంటి నుంచి ఫోను. అత్తగారు తాళంచెవి లోపల పెట్టి తలుపు బయట లాగేసుకుని మెట్ల మీద కూర్చున్నారు. చెల్లోను గోడకానించి వదిన పరుగెత్తింది. తలుపు తీయించి, అత్తగారి మాటలు పడి, తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. మరిది తీగలు చుట్టేస్తున్నాడు. "అయిపోయింది వదినా. మనకు కావలసినంత వచ్చేసింది" అన్నాడు. తన మొదటి సగమే రెండుగా కోసి సరిపెట్టుకున్నాడనుకుంది. నమ్మకమే మరి. వండిన చేతికి ఆకలుండదు.

ఇన్నేళ్ళుగా ఎవరూ ఎందుకు పట్టుకోలేదంటే, అందులో వింతేమీ లేదు. ఆర్కెస్ట్రావాళ్ళు జాజ్ రికార్డు ముట్టుకోరు, ముట్టుకుంటే మైల. జాజ్‌వాళ్ళు ఆర్కెస్ట్రా కచేరీలో ముందు వరసలో కూర్చోరు, కూర్చుంటే నిద్ర. ఆ బుస తెలిసినవాళ్ళు ఈ రికార్డు వినలేదు. ఈ రికార్డు విన్నవాళ్ళకు ఆ బుస తెలియదు. ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తిరిగిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతీ గడ్డం పైకెత్తుకుని కూర్చుంది.

ప్రొఫెసరు స్పీకరు ఆపాడు. "విన్నారుగా. ఇప్పుడు కాదనండి."

వదిన అతన్ని చూడలేదు. మాస్టారిని చూసింది. ఆయన కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకును చూస్తున్నారు, దాని మీద ఏదో రాసి ఉన్నట్టు. నోరు తెరిచే ఉంది. అప్పుడర్థమైంది ఆమెకు. వయసూ కాదు, నీరసమూ కాదు. ఇవాళ గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఆ మనిషి పట్టుబట్టి నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. ముక్కు మీద నమ్మకం లేక.

ఇంత బతుకు బతికి. జాజ్ అంటే సాధన చెయ్యనివాళ్ళ సాకు అని సభల్లో చెప్పిన మనిషి, శిష్యురాలి కుర్చీ పీకించిన మనిషి, కార్ల షెడ్డు మెట్లెక్కి, ఆమె లేనిది చూసి, ఆమె చెల్లోనే ఎత్తుకుని వాయించి, చేతులు దులుపుకుని పోయాడు. పక్కింటి వంట కంపని పదిమందిలో ముక్కు మూసుకుని, పెరటి దోవన వెళ్ళి గిన్నె నాకివచ్చిన బాపతు. పైగా, ఆ గోల మళ్ళీ వినే ఓపిక లేదట. దొంగకు తేలు కుడితే ఇలాగే ఉంటుంది కాబోలు, కిటికీలోంచి నీళ్ళ ట్యాంకును చూస్తూ.

చెప్పేయొచ్చు. ఇది నేను కాదండీ, కిటికీ పక్కనున్న పెద్దమనిషి అని. ప్రొఫెసరు డాక్టరేటు కుర్చీతో సహా కూలిపోతుంది. చూడముచ్చటగా ఉంటుంది కూడా. కానీ ఆ కుర్చీ మీద కూర్చున్నది తనే. ఈ రికార్డు తనది కాకపోతే ఈ గదిలోకి రావడానికి తనకు మిగిలిందేమిటి. హోటలు లాబీ. చెప్పకపోతేనో, ముక్కు ఎగబీల్చి, ఆయన బుసను ఆయన ముందే అనుకరించి, ఆయన చేత మార్కులు వేయించుకోవాలి. మింగలేదు, కక్కలేదు.

"మొదలుపెట్టండి మేడమ్" అన్నాడు ప్రొఫెసరు. "ఊపిరితో సహా."

వదిన రుమాలుతో కమాను తుడుచుకుంది. తీరిగ్గా తుడుచుకుంది. తర్వాత, చిన్నప్పుడు పాఠం రానప్పుడు ఎలా అడిగేదో అచ్చం అదే గొంతుతో అంది. "మాస్టారూ. నాకు ఆ ఊపిరి కుదరడం లేదు. మీరొకసారి చూపించరా?"



ముందు నవ్వింది ప్రొఫెసరు. "సారుకా? సారు ఇలాంటివి..." అని, పెద్దాయన్ని అవమానించినట్టవుతుందేమోనని మింగేశాడు. "అంటే, సారు స్థాయి వేరు. ఇది ఆధునికం."

"ఊపిరికి ఆధునికమేంటండీ" అంది వదిన. "నేర్పింది ఆయనే. తప్పు పోయింది నా దగ్గరేమో. స్వరం నేను చూసుకుంటాను మాస్టారూ, ఒక్క ఊపిరి తీసి చూపించండి చాలు."

"నాకు నడుం నొప్పి" అన్నారు మాస్టారు.

"ఇక్కడికి రావడానికి నడుం ఎందుకండీ, నాలుగడుగులు." ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, మళ్ళీ తీసింది, ఇప్పుడేది అవసరమో తేల్చుకోలేక. ఆవిడకు ఏదో అర్థమవుతూ ఉంది, ఇంకా ఏమిటో తెలియలేదు. "వెళ్ళండి సార్. మీ శిష్యురాలే కదా. నేనూ చూస్తాను."

మాస్టారు వదిన వైపు తిరిగారు. పొద్దుటి నుంచి ఆమెను నేరుగా చూడటం అదే మొదలు. ఆ చూపులో ఉన్నది భయమైతే ఆమెకు ఎంతో బాగుండేది. భయం కాదు. పాఠం మధ్యలో వేలు తప్పితే చూసే చూపు.

"నువ్వు విన్నావా దీన్ని ఇంతకు ముందు?"

"లేదు మాస్టారూ."

"ఇన్నేళ్ళలో?"

"లేదు."

"పొగరు" అన్నారాయన. లేచారు.

వదిన లేచి, చెల్లో మెడ పట్టుకుని నిలబడింది. మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. కిర్రుమంది. ప్రొఫెసరు చెయ్యి అలవాటుగా టిక్కు పెట్టబోయి ఆగింది. అది ఇందాక వదిన కదిలినప్పటి చప్పుడు కాదు. రికార్డులోని చప్పుడు. అతని ఆరేళ్ళ చెవులు ఆ తేడా పట్టకుండా ఉండలేవు.

ఊపిరి ఒక్కటే చూపించమంటే ఆయన చెల్లో అందుకున్నారు. చేతులు ఊరుకుంటాయా. ములుకు ఒక వేలెడు బయటికి లాగి బిగించారు. పై తీగ మీటి, మొహం చిట్లించి, మర ఒక వెంట్రుకవాసి తిప్పారు. "శ్రుతి కూడా చూసుకోవు" అన్నారు, బల్ల వెనకవాళ్ళకు వినబడేలా. కమాను ఎత్తారు. నోరు ఇంకా తెరిచే ఉంది.

వదిన ఆ నోటినే చూస్తోంది. మాట్లాడేటప్పుడు ఎవరైనా నటించొచ్చు. వినేటప్పుడూ నటించొచ్చు. కమాను తీగ మీద ఆనించాక ఈ మనిషి వల్ల కాదు. ఆమెకు తెలుసు.

పెదవులు కలుసుకున్నాయి.

బుస్.

ప్రొఫెసరు చేతిలోంచి పెన్సిలు జారి, బల్ల మీద దొర్లి, అంచు దాటి కింద పడింది. తీయడానికి అతను వంగలేదు. చెల్లో పలుకుతోంది. మొదటి కాగితం, మొదటి గీత, చుక్క పొల్లుపోకుండా. రెండో గీత. ప్రొఫెసరు వేలు కాగితం నకలు మీద గుడ్డివాడి వేలులా కదిలింది. అంతలో స్వరం పక్కకు మళ్ళింది. ఇంకో బుస, ఇంకో వరస. అది కాగితంలో లేదు. ప్రొఫెసరు పేజీ తిప్పాడు. అక్కడా లేదు. ఏడో పేజీ దాకా తిప్పి, మళ్ళీ మొదటికొచ్చి, తప్పిపోయిన పిల్లాణ్ణి జాతరలో వెతుక్కునేవాడిలా కాగితాల్లోకి చూస్తూనే ఉన్నాడు. సీతాకోకచిలుక బీరువాలో లేదు, పాపం.

ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు ముక్కు మీదే ఉంది గాని కోపం లేదు. ఆవిడ మాస్టారిని చూసి, వదినను చూసి, స్పీకరును చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తెలిసిపోయింది. ఇక దాచేదేమీ లేదు, పోయేదేదో పోయినట్టే. వదినకు విచిత్రంగా ఆకలేసింది.

మాస్టారు మధ్యలో ఆపేశారు. కమాను తీగ మీదే ఉంది.

"ఆ రోజు నేను వాయించడానికి రాలేదు, అమ్మాయ్" అన్నారు. ముక్కుతోనే ఊపిరి తీసుకుంటున్నారు ఇప్పుడు, సిగ్గు లేకుండా. "అంత గతి పట్టలేదు నాకు. నీతో ఒక మాట చెప్పాలని వచ్చాను. నువ్వు లేవు. చూస్తూ ఊరుకోలేక వాయించాను, అది వేరే. దిగి వెళ్తూ ఆ మాట మీ మరిదికి చెప్పాను, నీకు తప్పకుండా చెప్పమని. నీ జవాబు కోసం ఆర్కెస్ట్రాలో నీ కుర్చీ మళ్ళీ వేయించి, ఆ ఏడాదంతా ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను. నువ్వు రాలేదు. జవాబూ పంపలేదు. పొగరనుకున్నాను." ఆయన కమాను దించారు. "చెప్పలేదా వాడు?"

వదిన తలుపు వైపు తిరిగింది.

అద్దంలో ముఖం లేదు. నడవాలో చెల్లో పెట్టె ఒక్కటే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మెట్ల మీద ఎవరో రెండేసి మెట్లు దూకుతూ దిగిపోతున్న చప్పుడు. దరువు తప్పకుండా దిగుతున్నాడు, ఎంతైనా డ్రమ్ముల మనిషి.

ప్రొఫెసరు అలవాటు చొప్పున కిందికి వంగి పెన్సిలు అందుకున్నాడు.